అత్తమ్మకు హోం థియేటర్ కావాలట

మహేష్ ఒక బూటు తొడుక్కుని రెండోదాని కోసం వంగినప్పుడు నిర్మలమ్మ ఆ మాట అన్నది. ఆమె గడప పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది. చేతిలో పని ఆపలేదు, తలా ఎత్తలేదు.

"మహేష్, నాకొక హోం థియేటర్ గావాలె."

వంటింట్లో టిఫిన్ డబ్బాలకు మూతలు పెడుతున్న సమత చేయి ఆగిపోయింది. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చి మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో అత్తగారి నోటి నుంచి "నాకు కావాలె" అన్న మాట వినడం ఇదే మొదలు. పండుగకు చీర తెస్తే ఏ రంగైనా సరే అనేది. కూరలో ఉప్పు తక్కువైతే పైన చల్లుకుని తినేది.

"ఎవరికమ్మ?" అన్నాడు మహేష్.

"నాకే."

"టీవీ మంచిగనే ఉన్నది గదా. కొత్తదే."

"టీవీ గాదు. సౌండు."

మహేష్ నవ్వి, రెండో బూటు కూడా తొడుక్కుని, కారు తాళాలు తీసుకున్నాడు. "చూస్తలే అమ్మ," అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాటకు కాదనే అర్థం. నిర్మలమ్మకు ఆ సంగతి తెలుసో లేదో గానీ, చిక్కుడుకాయల వైపే చూస్తూ, "చూడు," అన్నది.

చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా కారులో అదే ముచ్చట నడిచింది. మహేష్ గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాడు. పోతూ పోతూ సమతను మొయినాబాద్‌లో, ఆమె పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ దగ్గర దింపేవాడు. ఆ రోజు దారంతా అతను కారణాలు వెతికాడు. చెవులు సరిగ్గా వినిపించట్లేదేమో. చుట్టాల ఇంట్లో ఎవరో కొనుక్కున్నారేమో. ఏదైనా సీరియల్లో చూసిందేమో.

"ఉదయ్‌భాస్కర్ గారింట్ల విన్నది," అన్నది సమత.

ఆ ముచ్చట కొంచెం వెనక్కి పోయి చెప్పాలి. నిర్మలమ్మ పుట్టిల్లు మొయినాబాద్. పెళ్లినాడు తండ్రి పసుపు కుంకుమ కింద ఊరి శివారులో ఒక ఎకరం రాసిచ్చాడు. ఏళ్ల తరబడి అందులో చామంతి పూలు, టమాటాలు పండించారు. సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరిగిన కొద్దీ మొయినాబాద్ చుట్టూ ఫాంహౌసులు లేచాయి, భూముల ధరలకు రెక్కలొచ్చాయి. ఉదయ్‌భాస్కర్ అనే ఒక కంపెనీ మేనేజరు వచ్చి మంచి ధర చెప్పాడు. నిర్మలమ్మ భర్త మాణిక్యం అమ్ముదామన్నాడు, కొడుకు అమ్ముదామన్నాడు. నిర్మలమ్మ సంతకం పెట్టింది.

ఏడాది తిరగకముందే అక్కడ ఇల్లు లేచింది. గృహప్రవేశానికి వీళ్లనూ పిలిచారు. భోజనాల ముందు ఉదయ్‌భాస్కర్ భార్య ఆడవాళ్లందరికీ ఇల్లు చూపిస్తూ, మందపాటి పరదాలు వేసిన ఒక గదిలోకి తీసుకుపోయింది. ఏదో సినిమాలో ఒక ముక్క పెట్టారు. ఖాళీ ఇంట్లో ఒకామె నడుస్తూ ఉంటుంది, అంతే. అడుగుల చప్పుడు ఎడమ వైపు మొదలై, కూర్చున్నవాళ్ల ముందు నుంచి కుడివైపుకు పోయింది. ఎక్కడో తలుపు తెరుచుకున్నది. అందరూ "అబ్బో" అనుకుని విస్తళ్ల దగ్గరికి పోయారు. తిరుగు ప్రయాణానికి సమత అత్తగారి కోసం ఇల్లంతా వెతికితే, ఆమె ఇంకా ఆ గదిలోనే, సోఫా అంచున, కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నది.

"అంటే పొలం పోయిందని బాధ పడ్తున్నదన్నట్టు," అన్నాడు మహేష్, లెక్క తేలినవాడిలా.

సమతకు అట్లా అనిపించలేదు. కాలేజీ గేటు రావడంతో దిగిపోయింది.

ఆ శనివారం మహేష్ ఒక పెద్ద డబ్బా తెచ్చాడు. అయిదు బుల్లి స్పీకర్లు, కింద పెట్టే సబ్‌ఊఫర్, రిమోటు అన్నీ ఒకే పెట్టెలో. పైన బంగారు రంగు అక్షరాలు. తనే వైర్లు కలిపి, పాటల డీవీడీ పెట్టి, తల్లిని పిలిచి కూర్చోబెట్టాడు. కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. నిర్మలమ్మ రెండు పాటలు ఓపికగా విన్నది. తర్వాత లేచి, థర్మకోల్ ముక్కలు ఏరి, ఒక్కో స్పీకర్‌నూ దాని గూట్లో పెట్టడం మొదలుపెట్టింది.

"ఏమైందమ్మ?"

"ఇది గాదు, బిడ్డా. వాపసిచ్చెయ్యి."

"ఏమి తేడా? ఇది గూడ హోం థియేటరే."

"ఇది అరుస్తున్నది. అక్కడ ఒక మనిషి నడిసొచ్చినట్లుండె."

మహేష్‌కు ఉక్రోషం వచ్చింది. అలసిపోయి ఉన్నాడు. సెలవు రోజు బజారంతా తిరిగి తెచ్చాడు. "ఉదయ్‌భాస్కర్ ఇంట్లది లక్షలు పెట్టి కొన్నడమ్మ. మనం గంత పెడ్తమా?"

"గంత వద్దు. పొలం పైసల్ల నుంచి కొంచెం తీసి, అందుల ఏమొస్తే అది."

సోఫాలో పేపరు చదువుతున్న మాణిక్యం పేపరు దించాడు. ఆ పైసలు ఏమయ్యాయో సమతకు తెలుసు గనుక ఆమె వంటింట్లోకి పోయింది. అక్కడికీ మాటలు వినిపించాయి.

"ఆ పైసలు మియాపూర్ల ఫ్లాట్‌కు అడ్వాన్స్ కట్టినమమ్మ," అన్నాడు మహేష్. "మొన్న బ్యాంకుల సంతకం పెట్టినవ్ గదా, గందుకే. మన అందరి కోసమే."

"గది ఎఫ్‌డీ చేస్తున్నమని చెప్పిండు మీ బాపు."

"అన్ని నీకు ఇడమరిచి చెప్పాల్నా?" అన్నాడు మాణిక్యం. అతను ఒకసారి ఎంపీటీసీగా గెలిచిన మనిషి. హాల్లో పొద్దస్తమానం నలుగురు కూర్చుని ఉంటే తప్ప అతనికి తోచదు. బయట ఎంత నెమ్మదిగా మాట్లాడేవాడో ఇంట్లో అంత విసుక్కునేవాడు. "ఇంట్ల సినిమా హాలు పెడ్తవా ఈ వయసుల? బతుకమ్మ నాడు నలుగురు ఆడోళ్లు కూసుంటే నవ్విపోరా?"

నిర్మలమ్మ డబ్బా మూత నొక్కి, టేపు అంటించి, కొడుకు కాళ్ల దగ్గర పెట్టి లోపలికి పోయింది.

ఆ తర్వాత ఆమె హోం థియేటర్ ఊసే ఎత్తలేదు. పొద్దున రొట్టెలు చేసింది, మధ్యాహ్నం వరండాలో కూర్చుని రోడ్డు వైపు చూసింది. అడిగినదానికి జవాబు చెప్పేది గానీ ముచ్చట పెట్టేది కాదు. ఒక మనిషి ఇంట్లో ఉండీ లేనట్టు ఉంటే ఆ ఇల్లు ఎంత బరువవుతుందో అప్పుడు తెలిసింది అందరికీ. మాణిక్యం గమనించనట్టే ఉన్నాడు గానీ రెండోసారి చాయ్ అడగడం మానేశాడు. మహేష్ మాత్రం నిజంగానే భయపడ్డాడు.

"డిప్రెషన్ గావచ్చు," అన్నాడు భార్యతో. "మా టీంల ఒకతని అమ్మకు గిట్లనే మొదలైంది. మెహదీపట్నంల డాక్టరున్నడు, అపాయింట్‌మెంట్ తీస్కున్న. నాకు ఆఫీసుల ప్రాజెక్ట్ రిలీజ్ ఉన్నది. నువ్వు సెలవు పెట్టి తీస్కపో. బీపీ చెకప్ అని చెప్పు."

సమత సరేనన్నది. ఆమెది గొడవ పడే స్వభావం కాదు. ఏదైనా అడగవలసి వస్తే ముందు కారణాలు తయారుచేసుకునేది. పుట్టింటికి పోవాలంటే తమ్ముడి జ్వరం, కొత్త చెప్పులు కొనాలంటే పాతవాటి తెగిన పట్టీ. కారణం గట్టిగా లేకపోతే అడగనే అడిగేది కాదు. కొన్నేళ్లకు కోరికలు కూడా ఆ సంగతి తెలిసినట్టు రావడం తగ్గించాయి. అది సర్దుకుపోవడం అనుకునేది ఆమె.

గురువారం పొద్దున అత్తాకోడళ్లు చేవెళ్లలో బస్సెక్కారు. నిర్మలమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, పెద్ద చేసంచి ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నది. మొయినాబాద్ దాటాక ఫాంహౌసుల గోడలు ఒకదాని వెనుక ఒకటి పోతుంటే చూస్తూ, "బీపీ చూపెట్టుకునేటందుకు మెహదీపట్నం దాక ఎందుకు బిడ్డా? మన చేవెళ్ల దవాఖానల చూడరా?" అన్నది.

సమతకు అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "బీపీకి గాదత్తమ్మ. మీరు ఊకూకె ఒక్కరే కూసుంటున్నరని, మనసు బాగలేదేమోనని ఆయన..."

"పిచ్చి డాక్టరా?"

"గట్ల గాదు. ఇప్పుడు అందరు చూపించుకుంటున్నరు."

నిర్మలమ్మ కోపం తెచ్చుకోలేదు. "నాకు మనసు మంచిగనే ఉన్నది," అన్నది. "కోపముండె. కోపం జబ్బు గాదు గదా?" అని, సంచి నోరు కొంచెం తెరిచి కోడలికి చూపింది. లోపల చీర మడతలో ఒక నోట్ల కట్ట ఉన్నది. "మొన్న నువ్వు కాలేజీకి పోయినంక బ్యాంకుకు పోయిన. ఫ్లాట్‌కు పోంగ ముప్పై అయిదు వేలు మిగిలినయట. తీస్కొచ్చిన. నువ్వు మెహదీపట్నం పోదమంటే మంచిదేననుకున్న. ఆడికెళ్లి కోఠి ఎంతసేపు?"

సమతకు నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. "ఆయనకేం చెప్పాలత్తమ్మ?"

"ముందు కొందం. చెప్పేది తర్వాత."

"డాక్టర్ అపాయింట్‌మెంట్..."

"నువ్వు చెప్పు. నాకు డాక్టర్ గావాల్నా?"

సమత అత్తగారి ముఖం వంక చూసింది. నిద్ర సరిపోయిన, ఆకలి తీరిన, తనకేం కావాలో తెలిసిన మనిషి ముఖం. డాక్టర్ దగ్గరికి పోతే ఏమని చెప్పాలి? ఈమెకు స్పీకర్లు కావాలట, మందియ్యమనాలా? మెహదీపట్నంలో దిగి, ఆమె దవాఖానకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పింది. తర్వాత కోఠి పోయే బస్సు చూసింది.

కోఠిలో ఎలక్ట్రానిక్ సామాను దుకాణాల సందు ఎప్పుడూ ఉండేంత రద్దీగానే ఉన్నది. రెండు దుకాణాల్లో వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. మూడోది సాముయేలు అనే నడివయసు మనిషిది. అతను ఎదురొచ్చి, పలకరించి, ముందుగా గాజు అద్దాల వెనుక మెరుస్తున్న సెట్టు వైపు నడిపించాడు.

"ఇది తీసుకోండి మేడమ్. అయిదు స్పీకర్లు, ఊఫరు, రిసీవరు అన్నీ వస్తాయి. వెయ్యి వాట్లు."

సమత కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేది. అతను బయటికి తీసిన పెట్టెను వెనక్కి తిప్పి ప్లేటు మీది అక్షరాలు చదివింది. "వెనక నూట ఇరవై వాట్లని రాసున్నది గదండి. కరెంటు తీసుకునేదే గంత అయితే వెయ్యి వాట్లు బయటికెట్లొస్తయి?"

సాముయేలు ఆమెను చూసి, నిర్మలమ్మను చూసి, నవ్వేశాడు. "లోపలికి రండి. కూర్చుని విందురు గాని. ఎంతలో చూడమంటారు?"

"ముప్పై అయిదు," అన్నది నిర్మలమ్మ. "ఆటో, బస్సు కిరాయి గూడ అందుల్నే."

లోపలి గదిలో స్పీకర్లు జతలు జతలుగా బల్లల మీద ఉన్నాయి. రిసీవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నిర్మలమ్మ ఒకదాన్ని వేలితో చూపి, "ఇదేం చేస్తది?" అని కోడలిని అడిగింది.

"టీవీల నుంచి, డీవీడీల నుంచి వచ్చే సౌండును తీసుకుని, దానికి బలమిచ్చి, ఏ స్పీకర్‌కు ఎంత పోవాల్నో పంచుతదత్తమ్మ."

"అంటే వడ్డించేది."

"అట్లనే అనుకోండి."

"మరి వడ్డించేదానికే పైసలన్ని పెడ్తే ఇస్తారిల ఏముంటది?"

సాముయేలు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈ బడ్జెట్‌లో రెండు దారులున్నాయని చెప్పాడు. పెద్ద రిసీవర్ తీసుకుని చుట్టూ అయిదు చిన్న స్పీకర్లు పెట్టుకోవచ్చు. లేకపోతే మామూలు రిసీవర్ తీసుకుని, ముందుకు రెండే రెండు మంచివి పెట్టుకోవచ్చు. మొదటిది చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఎక్కువమంది అదే కొంటారు.

"రెండిటితోని మనిషి నడిసొచ్చినట్లు వినొస్తదా?"

"వెనక నుంచి రాదమ్మా. కానీ మీ ముందు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. మిగతావి తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చు."

మొదటి జత పెట్టాడు. గది దద్దరిల్లింది, సమతకు నచ్చింది. రెండో జత అంత ఆర్భాటంగా లేదు. నిర్మలమ్మ కళ్లు మూసుకుని రెండూ విన్నది. "పాట వద్దు," అన్నది. "మనిషి మాట పెట్టుండ్రి. ఊకె మాట్లాడుకునేది." సాముయేలు ఒక సినిమాలో తల్లీకూతుళ్లు మెల్లగా మాట్లాడుకునే చోటు వెతికి పెట్టాడు. మొదటి జతలో ఇద్దరూ గుండిగలో తలపెట్టి మాట్లాడినట్టున్నది. రెండో జతలో కూతురు చెప్పబోయి ఆగి పీల్చిన ఊపిరి కూడా వినిపించింది.

"ఇవి," అన్నది నిర్మలమ్మ కళ్లు తెరవకుండానే.

వాటి ధర చెప్పగానే సమత మనసులో లెక్క వేసింది. రిసీవర్‌కు మిగిలేది చాలదు. అప్పుడు సాముయేలే, దుకాణంలో చూపడానికి వాడుతున్న జతనే ఇస్తానన్నాడు. ఒకదానికి మూల దగ్గర చెక్క పెచ్చు లేచింది గనుక తగ్గిస్తానన్నాడు. నిర్మలమ్మ ఆ మూలను వేలితో తడిమి చూసి, "ఈ దిక్కు గోడకు పెడ్తం," అన్నది. ఇక రిసీవర్ సమత వంతు. ఆ స్పీకర్లకు చాలినంత బలం ఉన్నదో లేదో, రేపు మధ్యలోది, వెనకవి కలుపుకోవడానికి చోటున్నదో లేదో అడిగి అడిగి, పోయినేడాది వచ్చిన మోడల్ ఒకటి తీయించింది. తను చదివిన చదువు తన ఇంట్లోకి పనికిరావడం ఆమెకు అదే మొదటిసారి.

మెహదీపట్నం దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. కండక్టరు అట్టపెట్టెలకు లగేజీ టికెట్ కొట్టాడు. ఒక స్పీకర్ సీటు కింద, రిసీవర్ సమత కాళ్ల మధ్య. రెండో స్పీకర్‌ను మాత్రం నిర్మలమ్మ ఒళ్లోనే పెట్టుకున్నది, గుంతలొచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంటూ. చేవెళ్ల దగ్గర పడుతున్న కొద్దీ సమత మనసులో కారణాలు పేర్చుకోసాగింది. మనసుకు హాయిగా ఉంటుందని డాక్టర్లే అంటారు. బయట సినిమాలకు పోయే ఖర్చు తప్పుతుంది. మామయ్య మ్యాచ్ చూసుకోవచ్చు.

ఇంటికి వచ్చేసరికి హాల్లో మాణిక్యం దగ్గర బాలప్ప, యాదయ్య కూర్చుని ఊరి రోడ్డు సంగతి మాట్లాడుతున్నారు. పెట్టెలు ఒక్కొక్కటే లోపలికి వచ్చాయి. "ఏందక్కా, కొత్త మిక్సీనా?" అన్నాడు బాలప్ప. "పాటలు వినేటియి," అన్నది నిర్మలమ్మ. మాణిక్యం నవ్వు ముఖం పెట్టుకునే వాళ్లను సాగనంపాడు. వాళ్లు గేటు దాటుతుండగానే మహేష్ కారు వచ్చి ఆగింది.

"డాక్టర్ ఏమన్నడు?" అంటూ లోపలికి వచ్చిన మహేష్ పెట్టెలు చూసి ఆగిపోయాడు.

"డాక్టర్ దగ్గరికి పోలే," అన్నది సమత. "కోఠి పోయినం."

"నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్?" మహేష్ గొంతు లేచింది. "ఆమెకంటే తెల్వది. నీకు తెల్వదా?"

"ఉన్న నాలుగు రూపాయలు గూడ తగలబెట్టి వచ్చిండ్రు," అన్నాడు మాణిక్యం. "బాలప్ప రేపు పొద్దుగాల చాయ్ హోటల్ల చెప్తడు, మాణిక్యం పెండ్లానికి సినిమా పిచ్చి లేసిందని."

సమత దారిలో పేర్చుకున్నవన్నీ వరుసగా విప్పింది. "అత్తమ్మ మనసుకు హాయిగుంటదని... ఇంట్ల అందరం కలిసి..."

"వద్దు బిడ్డా." నిర్మలమ్మ కోడలి చేయి పట్టుకుని ఆపింది. "నా కోసం సాకులు చెప్పకు."

ఆమె భర్త ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నది. ఆ హాల్లో అతనికి ఎదురుగా ఆమె కూర్చోవడం అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు.

"నాకు గావాలె, కొనుక్కున్న. అంతే."

"ఎందుకు గావాలె, గది చెప్పు," అన్నాడు మాణిక్యం.

"మంచిగనిపించింది గనుక."

"గదొక కారణమా?"

"నువ్వు జీపు కొన్ననాడు నేను ఎందుకని అడిగిన్నా? ఉన్న బండి నడుస్తనే ఉండె. మహేష్ ఇంటర్ల మోటర్ సైకిల్ అడిగిండు. బస్సు మన వాకిట్లనే ఆగుతది. ఎందుకని అడిగిన్నా? మంచిగనిపించింది, కొనుక్కున్నరు. నాకు మంచిగనిపిస్తే దవాఖానకు తోలుతున్నరు."

నిర్మలమ్మ గొంతు పెంచలేదు. కొడుకు వైపు తిరిగింది.

"ఫ్లాట్ కొనుక్కో. నాకు సంతోషమే. కానీ ఆ ఎకరం మా బాపు నాకిచ్చిండు. సంతకానికి పిలిచినోనివి ఒక మాట అడిగితే ఏం పోయె?"

"అడిగితే కాదంటవేమోనని..." అన్నాడు మహేష్.

"ఎన్నడన్న కాదన్ననా?"

మహేష్ జవాబు కోసం వెతకడం సమతకు కనిపించింది. ఆమె కాదన్న రోజు అతనికి ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆమె ఎన్నడూ కాదనలేదు. కాదనదని తెలిసీ తెలిసీ, అడగవలసిన అవసరమే అతనికి లేకుండా పోయింది. గోడకు ఆనుకుని అట్లాగే కూలబడి, అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. చేతులు తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"తప్పయిందమ్మ," అన్నాడు. "ఫ్లాట్ నీ పేరు మీదనే రిజిస్ట్రేషన్ చేయిస్త."

సినిమాల్లో అయితే తల్లి వద్దు నాయనా అనేది. నిర్మలమ్మ అనలేదు. "చేయించు," అన్నది. "పైసలు నాయే గదా." తర్వాత లేచి కొడుకు తలమీద చేయి వేసి, "చాయ్ తాగుతవా?" అని అడిగింది.

మాణిక్యం వరండాలోకి పోయాడు. అతను అంత తొందరగా మెత్తబడే మనిషి కాదు, ఆ రాత్రి అన్నం కూడా తన గదిలోకే తెప్పించుకున్నాడు. కానీ ఆదివారం మహేష్ వైర్లు కలుపుతుంటే, సమత రిసీవర్ బుక్కు చూసి చెబుతుంటే, రెండో స్పీకర్‌కు చోటు చాలలేదు. సన్మానాల షీల్డులు పెట్టిన అద్దాల బీరువా అడ్డం. ఎవరూ అడగలేదు. అతనే వచ్చి, ఒక్కో షీల్డూ తీసి కింద పెట్టి, "ఒక చెయ్యి ఎయ్యిరా," అని కొడుకుతో కలిసి బీరువాను పక్కకు జరిపాడు. ఆ సాయంత్రం క్రికెట్ మ్యాచ్ పెడితే చివరి దాకా కూర్చుని చూశాడు. మంచిగుందని మాత్రం అనలేదు.

నెల గడిచింది. కాలేజీలో పరీక్షలు జరుగుతున్న ఒక మధ్యాహ్నం సమత ముందుగా ఇంటికి వచ్చింది. నిర్మలమ్మ హాల్లో ఒక్కతే ఉన్నది. టీవీ చూడటం లేదు, కళ్లు మూసుకుని ఉన్నది. సినిమాలో ఎవరో ఇద్దరు ఏదో మాట్లాడుకుంటున్నారు. సమత చప్పుడు చేయకుండా పక్కన కూర్చున్నది. కాసేపటికి తెలియకుండానే ఆమె కళ్ల నుంచి నీళ్లు కారాయి. నిర్మలమ్మ కళ్లు తెరిచి చూసి, "ఏమైంది బిడ్డా?" అన్నది.

సమత అలవాటుగా కారణం వెతికింది. తలనొప్పి అనవచ్చు. బస్సులో దుమ్ము అనవచ్చు.

"ఊకెనే అత్తమ్మ," అన్నది.

నిర్మలమ్మ మళ్లీ అడగలేదు. కొంగు చివర కోడలి చేతిలో పెట్టి, తన దగ్గరికి జరుపుకున్నది. సినిమా సాగిపోతున్నది. ఆ మాటల మధ్యలోనే, ఎవరితోనూ ఎన్నడూ అనని ఒక మాట సమత నోటి నుంచి వచ్చింది.

"నాకు ఎం.టెక్. చదువాలని ఉన్నదత్తమ్మ. సాయంత్రం క్లాసులుంటయట, యూనివర్సిటీల."

"చదువు."

"మా కాలేజీల దాంతోని ప్రమోషనేం రాదు. జీతం గూడ పెరగదు. ఆయన ఎందుకని అడుగుతడు."

"అడుగనీ," అన్నది నిర్మలమ్మ.

ఆ సాయంత్రం మహేష్ బూట్లు విప్పుతుండగా సమత ఎదురుగా నిలబడి చెప్పింది. ముందూ వెనుకా ఏమీ కలపలేదు. "నేను ఎం.టెక్.కు అప్లై చేస్తున్న. చదువాలని ఉన్నది." మహేష్ తలెత్తాడు. ఏదో అడగబోయి నోరు తెరిచాడు. అది ఏ ప్రశ్నో అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. విప్పిన బూటు పక్కన పెట్టాడు.

"క్లాసులు ఎప్పటినుంచి?" అన్నాడు.